రాజోలు గేదె

మొన్న ఆదివారం పక్కింటి వరలక్ష్మిగారు స్టీలు గిన్నెలో జున్ను పంపించారు. మూత తియ్యగానే బెల్లం, మిరియం, యాలకుల వాసనతో ఆవిరి మొహానికి తగిలింది. చెంచా ముంచబోయి ఆగిపోయాను. గోడకి అవతల ఆవిడ నిలబడే ఉన్నారు, బాగుందంటానేమోనని. నేనన్న మాట ఇది: "గేదె నెలలు నిండి ఈనిందాండీ, ముందే ఈనిందా?"

"ఏంటండీ కరుణగారూ, జున్ను పెడితే జాతకం అడుగుతారు!" అన్నారావిడ. "పది నెలలూ నిండి పైన పది రోజులకి ఈనిందండి. దూడ గెంతుతోంది. అనుమానమైతే వచ్చి చూసుకోండి." వెళ్లి చూశాను కూడా. దాంతో ఆవిడకి కోపం రెట్టింపయింది. ఆవిరి మీద ఉడికిన జున్నులో ఏ క్రిమీ మిగలదని నాకు తెలుసు. తెలిసీ అడుగుతాను. ఎందుకంటే ఆ ప్రశ్న నాది కాదు, మంగతాయారుగారిది. ఆవిడ పోయి మూడేళ్లయింది. అయినా ఎవరింట్లోనైనా పాలగిన్నె కనిపిస్తే చాలు, ఆవిడ మాటలు, ఆవిడ ఆగే చోట ఆగుతూ, నా నోట్లోంచి వస్తాయి. ఇంట్లో ఎవరూ లేనప్పుడైతే నా గొంతు నేనే విని వెనక్కి తిరిగి చూస్తాను.

డాక్టర్ మంగతాయారుగారు పశువుల డాక్టరు. అమలాపురానికి కాస్త దూరంలో, కాలువగట్టు పక్కన ఒక పాత పెంకుటింట్లో రెండు గదుల ల్యాబుకి పెద్ద ఆవిడ. చచ్చిన కోడి మెడ నుంచి, జ్వరమొచ్చిన ఆవు రక్తం నుంచి, చెరువులో తేలిన చేప దాకా అన్నీ ఆ బల్ల మీదికే వచ్చేవి. మనిషి పొట్టి, సన్నం. కుడి తుంటి పట్టేసినట్టు కొంచెం పక్కకి ఒరిగి నడిచేవారు. మే నెల ఎండలో కూడా సాయంత్రమయ్యేసరికి బీరువాలోంచి ఒక బూడిదరంగు శాలువా తీసి కప్పుకునేవారు. "ఏంటండీ, ఊటీ అనుకుంటున్నారా?" అని నేను ఎగతాళి చేసేదాన్ని. ఆవిడ నవ్వి ఊరుకునేవారు. నేను చేరిన రోజు నా కాగితాలు చూస్తూ, "నీకు నోరు ఎక్కువట కదమ్మా?" అన్నారు. "ఎవరు చెప్పేరండి?" అన్నాను. "ఇప్పుడు నువ్వే చెప్పేవు," అని సంతకం పెట్టారు. డిగ్రీలో క్రిముల శాస్త్రం చదివాను, మార్కులు బాగా వచ్చాయి, కాబట్టి నాకు అన్నీ తెలుసనే ధీమా ఉండేది. ఆ ధీమా ఎక్కడిదాకా తీసుకెళ్లిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మా పనిలో ఎక్కువ భాగం ఒకే ఒక్క రోగం చుట్టూ తిరిగేది. చూడి గేదె ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో ఈసుకుపోతుంది. అంటే కడుపు నిలవక చచ్చిన దూడని వేసేస్తుంది. ఆ రోగానికి బ్రూసెల్లా అని పేరు. గేదె పైకి ఆరోగ్యంగానే ఉంటుంది, మేస్తుంది, పాలిస్తుంది. ఆ పాలలో, ఈనాక పడే మాయలో క్రిమి ఉంటుంది. అక్కడినుంచి మనిషిలోకి వస్తుంది. పరీక్ష చాలా తేలిక. రక్తం పేరుకున్నాక పైన తేలే పసుపునీటి చుక్క ఒకటి, గులాబీరంగు మందు చుక్క ఒకటి తెల్లటి పలక మీద కలిపి నాలుగు నిమిషాలు ఊపాలి. రోగం లేకపోతే రంగు సాఫీగా ఉంటుంది. ఉంటే విరిగిన పాలలా రవ్వలు కడుతుంది. మందు పాడవలేదని నమ్మకం కోసం, ప్రతిసారీ రోగం ఉన్నట్టు తెలిసిన రక్తంతో ముందుగా ఒక చుక్క ఆడించి చూడాలి. ఆ రక్తపు నీరు ఫ్రిజ్ పై అరలో చిన్న సీసాలో ఉండేది. దానిమీద ఆవిడ చేతిరాతలో ఒక్క మాట: రాజోలు.

ఆ సీసా అయిపోయినట్టు నేనెప్పుడూ చూడలేదు. అడుగంటుతోందనుకునేసరికి మర్నాటికి నిండి ఉండేది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను: "ఆ రాజోలు గేదె ఇంకా బతికే ఉందాండీ?"

"ఉంది."

"ఇన్నేళ్లా? ఎవరిదండీ, ఏ ఊరు?"

"పాలివ్వదు గానీ తింటోంది. నువ్వు పలక ఊపు," అన్నారు.

నేను చేరిన ఆరో ఏడాది వేసవిలో, కొత్తపేట వైపు గోదావరి పాయ ఒడ్డున ఉన్న ఒక లంక ఊరినుంచి పాల నమూనా వచ్చింది. పాలకేంద్రంలో అందరి పాలూ కలిసిన డబ్బాలోది. పాలలో నీలిరంగు మందు చుక్క వేసి వెచ్చగా ఉంచితే మీగడ పైకి తేలుతుంది. రోగం లేకపోతే మీగడ తెల్లగానే ఉంటుంది. గంట తరవాత చూస్తే తెల్లటి పాల మీద మీగడ మాత్రం నీలంగా, ఉంగరం తొడిగినట్టు ఉంది. మంగతాయారుగారు ఆ గొట్టాన్ని కిటికీ వెలుగుకి పెట్టి చాలాసేపు చూశారు. "ఒక గేదె కాదమ్మా ఇది. పద, వెళ్దాం," అన్నారు.

కాలువలకి నీళ్లు కట్టేసిన రోజులు. అడుగున బురద పగిలి, గుర్రపుడెక్క ఎండి, గట్టంతా ఒకలాంటి పులుపు వాసన. ఆటో దిగి, ఆ కేంద్రానికి పాలు పోసే వీధిలోకి నడిచేసరికి మూడు దాటింది. ఇరవై ఇళ్లుంటాయి. ఇంటింటికీ రెండేసి గేదెలు, నల్లగా నిగనిగలాడుతూ. ఆవిడ ప్రతి గుమ్మం ముందూ ఒకే ప్రశ్న అడిగారు, గేదె నెలలు నిండి ఈనిందా, ముందే ఈనిందా అని. అందరిదీ ఒకటే జవాబు: "నిండే ఈనిందండి, ఆయ్." దూడేదంటే మేతకెళ్లిందనో, అమ్మేశామనో, మా ఆడపడుచు తోలుకెళ్లిందనో. వీధి మొత్తానికి మేం కళ్లారా చూసిన దూడలు నాలుగు.

ఐదవుతోంది. ఎండ ఇంకా తగ్గలేదు. నా జాకెట్టు వీపుకి అతుక్కుపోయింది. అప్పుడు ఒక అరుగు మీద కూర్చున్న పెద్దాయన లేచి లోపలికెళ్లి దుప్పటి తెచ్చి కప్పుకున్నాడు. ఎదురింట్లో పాలు పితుకుతున్న మనిషి చెంబు పక్కన పెట్టి చెంగు మెడచుట్టూ బిగించుకుంది. ఆ పక్క మంచంలో ఒకరు, ఆ పైఇంట్లో ఇద్దరు. ఎవరూ ఎవరితోనూ ఏమీ అనలేదు. మే నెల మండుటెండలో వీధి వీధంతా, ఎవరో గంట కొట్టినట్టు, దుప్పట్లు కప్పుకుంది. నేను పక్కకి తిరిగాను. మంగతాయారుగారు సంచిలోంచి శాలువా తీసి భుజాల మీద వేసుకుంటున్నారు. అప్పుడు కూడా నాకేమీ తట్టలేదు. అంత చదువు నాది.

చివరింట్లో చిట్టిబాబు ఉన్నాడు. కొబ్బరిచెట్లెక్కి దింపు తీసే మనిషి. నాలుగు నెలలుగా పగలు బాగుంటాడు, సాయంత్రానికి చలి, రాత్రికి చెమటలు, తెల్లారేసరికి నడుం లేవదు. టైఫాయిడ్ అని రెండుసార్లు, మలేరియా అని ఒకసారి మందులు వాడారు. అతని భార్య నాగమణి మాకు పీట వేసి, గొంతు తగ్గించి చెప్పింది: "జ్వరం కాదండి డాక్టరమ్మగారూ ఇది. జువ్విచెట్టు పట్టుకుందండి."

"ఏ చెట్టమ్మా?"

"గట్టు మీదుందండి. గేదె ఈనితే మాయని గడ్డిలో చుట్టి ఆ చెట్టుకే కడతామండి. పాలచెట్టు కదండీ, కుక్కలు ముట్టకూడదు, గేదెకి పాలు బాగా పడతాయని. ఎక్కేది ఈయనేనండి, వీధందరికీ. ఎక్కినోణ్ణి అది వదల్లేదండి. దాని మీద ఏదో ఉందంటన్నారు అందరూ."

"నిజమే, ఉంది," అన్నారు మంగతాయారుగారు.

నేను ఉలిక్కిపడ్డాను. మూఢనమ్మకాలకి వంతపాడతారేంటి అని నోటిదాకా వచ్చింది. ఈలోగా నాగమణి గ్లాసు తెచ్చి మొగుడి చేతికిచ్చింది. అప్పుడే పితికిన గుమ్మపాలు. నురగ ఇంకా చిటపటలాడుతోంది. "కాచావా?" అన్నారావిడ. "గుమ్మపాలు కాస్తారేంటండీ ఎవరైనా? బలం పోదూ! నాలుగు నెలల్నించీ రోజూ ఇదే పడతన్నానండి," అంది నాగమణి. మంగతాయారుగారు చెయ్యి చాచి ఆ గ్లాసు అతని పెదాల దగ్గర్నుంచి తీసుకున్నారు. నెమ్మదిగా, నిద్రపోతున్న పిల్లాడి చేతిలోంచి బొమ్మ తీసినట్టు.

జువ్విచెట్టు దగ్గరికి మమ్మల్ని నాగమణే తీసుకెళ్లింది. గట్టు మీదనించి ఎండిన కాలువలోకి వంగి ఉంది. కొమ్మకొమ్మకీ గడ్డిమోపులు వేలాడుతున్నాయి. కొన్ని నల్లగా ఎండి బిగుసుకుపోయాయి, కొన్ని ఇంకా బరువుగా సాగి ఉన్నాయి. గాలి లేదు. అయినా ఒకటి రెండు తమంతట తాము కొద్దిగా తిరుగుతున్నాయి, తాడు మెలి విడుతున్నట్టు. తియ్యగా, కుళ్లినట్టు వాసన. నాకు కడుపులో తిప్పింది. ఆ తిప్పడానికి ఇంకో కారణం కూడా ఉంది. నాకప్పటికి నాలుగో నెల. ల్యాబులో ఎవరికీ చెప్పలేదు. చెబితే బల్ల దగ్గరికి రానివ్వరని, ఆర్నెల్లపాటు ఉత్తరాలు టైపు చేయిస్తారని.

ఆవిడ లెక్కపెట్టారు. పదకొండు. "దూడలెన్నమ్మా కరుణా?" అన్నారు.

"నాలుగండి."

నాగమణి తల వంచుకుంది. తనే అంది: "చెబితే పాలెవరు కొంటారండి? ఇంట్లో గేదె ఈసుకుపోయిందంటే ఊళ్లో మొహం ఎలా చూపిస్తామండి?" పుట్టినవాటికీ పుట్టనివాటికీ కలిపి ఆ చెట్టు మీద మోపులున్నాయి. వీధంతా కలిసి దాచినదాన్ని ఆ చెట్టు బాహాటంగా పట్టుకుని నిలబడింది. అన్నిటికన్నా కింద ఉన్నది నాగమణివాళ్ల రెండో గేదెదేనట. మూడు రోజులయింది. చిట్టిబాబుకి ఎక్కే ఓపిక లేక చేతికందే కొమ్మకి కట్టాడు. మంగతాయారుగారు మోచేతుల దాకా తొడుగులు వేసుకుని, ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని, నన్ను ఇరవై అడుగుల దూరంలో నిలబెట్టి, దాంట్లోంచి ముక్క కోశారు. ఎన్నడూ లేనిది నన్నెందుకు అంత దూరం పెట్టారో అని చిన్నబుచ్చుకున్నాను.

తిరుగుదారిలో గొడవ పెట్టుకున్నాను. "ఆ చెట్టు కొట్టించెయ్యాలండి ముందు. కలెక్టరుకి రాద్దాం," అన్నాను.

"కొట్టిస్తే?"

"పీడా పోతుంది."

"పీడ పోదమ్మా, మనకి చెప్పేది పోతుంది. రేపట్నుంచి కాలవలో పారేస్తారు. ఆ నీళ్లు దిగువన పది ఊళ్లు తాగుతాయి. మనకి లెక్క కూడా తెలీదు." ఆ తరవాత ఆవిడ చేసింది నాకు అప్పట్లో పిచ్చిగా తోచింది. నాలుగుసార్లు ఆ వీధికి వెళ్లి, ఆడవాళ్లని కూర్చోబెట్టి ఒప్పించారు. మాయని చేత్తో ముట్టకుండా, గట్టు మీద మెరక చూసి లోతుగా గొయ్యి తీసి, సున్నం వేసి పూడ్చండి. చెట్టుకి మాత్రం ఎప్పటిలాగే మోపు కట్టండి, ఉత్త గడ్డిమోపు. నిండి ఈనినా, ఈసుకుపోయినా, మోపు మానొద్దు. ఆచారం పోలేదు కాబట్టి వాళ్లు విన్నారు. ఇవాళ్టికీ ఆ చెట్టుకి ఖాళీ గడ్డిమోపులు వేలాడుతుంటాయి. తెలిసి చూసినా సరే, ఒళ్లు జలదరిస్తుంది.

ఇక నా సంగతి. తెచ్చిన ముక్కని ఐసుపెట్టెలో సర్ది పై ల్యాబుకి పంపమన్నారావిడ. ఈ క్రిమిని మన బల్ల మీద పెంచకూడదు, మనకి అందుకు తగిన గది లేదు, అన్నది ఆవిడ పెట్టిన కట్టుబాటు. పై ల్యాబు జవాబు వచ్చేసరికి ఆ వీధిలో మంచాలే మిగులుతాయని నేను వాదించాను. ఆవిడ ఒప్పుకోలేదు. సరే అన్నాను. అని, పంపేముందు చిటికెడంత పక్కకి తీసి, ఒక పళ్లెంలో రుద్ది, గాజుడబ్బాలో పెట్టాను. ఈ క్రిమికి మామూలు గాలి సరిపడదు. డబ్బాలో కొవ్వొత్తి వెలిగించి మూత బిగిస్తే, వెలిగి వెలిగి, ఊపిరాడక ఆరిపోతుంది. ఆ మిగిలిన గాలిలో ఇది పెరుగుతుంది. నా గర్వం సంగతి కూడా చెప్పాలి. క్రిములని వాసన బట్టి పట్టేస్తానని నాకు పేరు. ద్రాక్షపండు వాసన ఒకదానిది, తడిమట్టి వాసన ఒకదానిది. పాతకాలం ల్యాబు మనుషుల విద్య అది, నేను మా కాలేజీలో ఒక ముసలి అటెండరు దగ్గర నేర్చుకున్నాను. నాలుగో రోజు మధ్యాహ్నం పళ్లెం తీసి చూస్తే తేనెరంగు మంచుబొట్లలాంటివి మొలిచాయి. మూత ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాను.

ఏ వాసనా లేదు. అదే నన్ను భయపెట్టింది.

తల ఎత్తేసరికి గుమ్మంలో మంగతాయారుగారు. ఆవిడ కేక వెయ్యలేదు. వచ్చి పళ్లెం మీద మూత పెట్టి, టేపు చుట్టి, ఫ్యాను ఆపేశారు. చెయ్యి కడుక్కోమన్నారు, ముక్కూ మొహం కడుక్కోమన్నారు. చుక్క తీసి రంగు వేసి మైక్రోస్కోపులో చూశారు. నన్నూ చూడమన్నారు. నీలం మీద ఎర్రటి ఇసుక చల్లినట్టు. అప్పుడు అడిగారు.

"మూత తీశావా?"

"తీశానండి."

"వాసన చూశావా?"

నేను తడి మొహం తుడుచుకున్నాను.

"ఎన్నో నెల?"

నేను ఎవరికీ చెప్పలేదని చెప్పాను కదా. "మీకెలా తెలుసండి?" అన్నాను.

"నా పనే అది కదమ్మా. నడక చూసి చెబుతాను. నువ్వే చెబుతావని చూస్తున్నాను," అన్నారు. చెట్టు దగ్గర నన్ను అంత దూరం ఎందుకు పెట్టారో అప్పుడు తెలిసింది.

గేదె కడుపు నిలవనివ్వని క్రిమి. నేను దాన్ని ఛాతీ నిండా పీల్చుకున్నాను. మనుషుల్లో ఇది లోపల ఎన్నాళ్లు పడుకుంటుందో చెప్పలేం. రెండు వారాలు కావచ్చు, ఐదు నెలలు కావచ్చు. ఆ సాయంత్రమే ఆవిడ నన్ను ఒక లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, ఏం జరిగిందో దాచకుండా నా చేతే చెప్పించి, చూలాలికి పనికొచ్చే మందులు రాయించారు. మర్నాడు మొదటి పరీక్ష. తరవాత ఎప్పుడైనా రవ్వ కడితే, ఇవాళ లేనిది అప్పుడొచ్చిందని తెలియాలంటే ఇవాళ్టిది చూసుకోవాలి. నా రక్తం తీసి పెట్టుకుని, ముందు మందుని సరిచూద్దామని రాజోలు సీసా తీశాను. ఖాళీ. లంక ఊరి గేదెలన్నిటికీ పరీక్షలు చేసి నేనే ఖాళీ చేశాను.

"సీసా అయిపోయిందండి. రాజోలుకి మనిషిని పంపాలి," అన్నాను.

ఆవిడ కుర్చీలో కూర్చుని ఎడమ జాకెట్టు చెయ్యి పైకి మడిచారు. చెయ్యి బల్ల మీద పెట్టి, "తియ్యి," అన్నారు.

నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఆ మోచేతి లోపల, నరం మీద, సూదిగుర్తులు వరసగా ఉన్నాయి. ఆరేళ్లుగా వారానికి రెండుసార్లు ఆ సీసాలోంచి చుక్క తీసి, అది రవ్వ కడుతుంటే "భేష్, రాజోలు గేదె" అనుకుంటూ పలక ఊపాను. నా ఎదుటే, నాలుగడుగుల దూరంలో, అదే మనిషి కూర్చుని కాగితాలు చూసుకుంటుండేవారు. ఆ రోజు నా చేత్తో నేనే ఆవిడ రక్తం తీశాను. పేరుకున్నాక పలక మీద రెండు చుక్కలు పక్కపక్కన పెట్టి ఊపాను. ఆవిడది నిమిషం తిరక్కుండా విరిగింది. నాది సాఫీగా ఉంది. మొదటి రోజు అలాగే ఉంటుంది, దానికి అర్థం లేదు.

"మొదటి ఉద్యోగంలో, రాజోలులో," అని చెప్పారు, శాలువా సర్దుకుంటూ. "ఈనిన గేదెకి మాయ పడకపోతే వట్టి చేత్తో లాగేదాన్ని. తొడుగులిచ్చేవాళ్లు లేరు, అడగాలని నాకూ తెలీదు. పైగా చెయ్యి తొడిగితే డాక్టరమ్మకి అసహ్యం అనుకుంటారని భయం. మందులు వాడేను. పూర్తిగా పోలేదు. తుంటిలో చేరింది."

"మీకు పిల్లలు..." అన్నాను. అని నాలిక కరుచుకున్నాను.

"రెండుసార్లు. ఒకటి ఐదో నెల, ఒకటి ఆరు. దీనివల్లే అని రుజువు చెయ్యలేను. కాదనీ చెయ్యలేను."

ఇంకో మనిషైతే ఊరుకునేదేమో. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో కూడా తెలియని కోపం. రిజిస్టరు తెచ్చి ఆవిడ ముందు పెట్టి విసురుగా తెరిచాను. "ఇందులో మీ పేరేదండి? ఇన్ని వేల గేదెలున్నాయి, మేకలున్నాయి. మీరు ఎక్కడున్నారు?"

"పశువుల రిజిస్టరమ్మా అది."

"ఆ వీధిలో వాళ్లూ ఇలాంటి మాటే అన్నారు కదండీ. నిండే ఈనిందండి, ఆయ్, అన్నారు. మీరు వాళ్లని చెట్టు లెక్కపెట్టి పట్టుకున్నారు. మిమ్మల్నెవరు లెక్కపెట్టాలి? మీరు ఈ రోగాన్ని సొంత ఒంటిమీద మోస్తున్నారని తెలిసుంటే నేను ఆ మూత ఎత్తేదాన్నా?"

ఆ చివరి మాట అన్యాయం. మూత ఎత్తింది నా పొగరు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆవిడ వాదించలేదు. పెన్ను తీసుకున్నారు. జాతి అన్న గడిలో 'మనిషి' అని రాశారు. తన పేరు, వయసు, ఫలితం: ఉంది. దాని కింద గీత కొట్టకుండా పెన్ను నా చేతికిచ్చారు. జాతి: మనిషి. కరుణ. ముప్ఫై ఆరు. నాలుగో నెల. ఫలితం: ఇంకా తెలీదు.

ఆ తరవాతి నెలలు ఎలా గడిచాయో మా ఆయనకి కూడా పూర్తిగా చెప్పలేదు. రెండు వారాలకోసారి పలక. ఆవిడ చుక్క, నా చుక్క. ఆవిడది విరుగుతుంటే నాది విరక్కుండా నిలబడి ఉందా అని చూస్తూ ఊపిరి బిగబట్టడం. పగలంతా బాగానే ఉండేదాన్ని. సాయంత్రం ఐదయ్యేసరికి చెయ్యి దానంతటదే మెడ దగ్గరికి వెళ్లేది. వేడి ఉందా? చలి వేస్తోందా? గాలికి తలుపు కదిలితే ఒళ్లు జలదరించినా అది వచ్చేసిందనిపించేది. ఐదో నెల ఒక సాయంత్రం, ఆరో నెల ఒక సాయంత్రం మంగతాయారుగారు పని లేకపోయినా మా ఇంటికి వచ్చి కూర్చున్నారు. మా అత్తగారు కాఫీ ఇస్తే తాగి, నా కడుపు వైపు చూడకుండా, గడియారం వైపు చూస్తూ ఏడున్నర దాకా ఉండి వెళ్లారు. మా అత్తగారు ప్రార్థనకి మోకరించి, లేచాక అడిగారు: "ఆవిడకి ఇల్లు లేదేటమ్మా?"

చిట్టిబాబుకి రక్తంలో రోగం దొరికింది. మనుషుల ఆసుపత్రిలో నెలన్నర మందులు వాడి వానాకాలం దాటాక మళ్లీ దింపులకెళ్లాడు. ఆ వీధిలో ఇంకా తొమ్మిదిమందికి దొరికింది. ఐదింటికి కప్పుకునే దుప్పట్లు ఒక్కొక్కటే పెట్టెల్లోకి వెళ్లాయి. ఆ వీధివాళ్లు ఇప్పుడు పాలు రెండు పొంగులు రానిచ్చి గాని దించరు.

నాకు నెలలు నిండాయి. తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. ఎనిమిదింటికల్లా మంగతాయారుగారు ఐసుపెట్టె పట్టుకుని వార్డులోకి ఒరిగి నడుస్తూ వచ్చారు. నావైపు చూడలేదు, ఉయ్యాలవైపు చూడలేదు. నర్సుని పట్టుకుని, "మాయ ఎక్కడ పెట్టేరమ్మా?" అన్నారు.

"ఏంటండీ ఈవిడ! బిడ్డ ఆడో మగో అడగరా ఎవరైనా?" అంది నర్సు.

మా అత్తగారు భయపడి పిల్లని గుండెకి అదుముకున్నారు. నేను మంచంమీద నుంచి, "ఇచ్చెయ్యండి నర్సుగారూ, లేకపోతే ఈవిడ కదలరు," అన్నాను. తొడుగులు వేసుకుని, ఒక ముక్క కోసి, బొడ్డుతాడులోంచి రక్తం తీసి, పెట్టెలో సర్దుకుని వెళ్లిపోయారు. పైకి పంపిన నమూనా జవాబు రావడానికి రెండు నెలలు దాటింది. ఆ రెండు నెలలూ ఆవిడ మా ఇంటి గుమ్మం దాకా వచ్చేవారు, పిల్లని ముట్టుకునేవారు కాదు. జవాబు వచ్చిన రోజు లోపలికొచ్చి, కుర్చీలో కూర్చుని, చేతులు చాచారు. పిల్లని ఒళ్లో పెట్టగానే తల వంచి దాని నెత్తిమీద వాసన చూశారు. చాలాసేపు తల ఎత్తలేదు.

ఆ రిజిస్టరు ఇప్పుడు నా చేతిలో ఉంది. ఆవిడ తరవాత ఇద్దరు డాక్టర్లు మారారు, నేను మాత్రం అక్కడే ఉన్నాను. ఇప్పుడు సరిచూసుకునే రక్తం కంపెనీనుంచి పెట్టెలో వస్తుంది. ఎవరి చెయ్యీ మడవక్కర్లేదు. కొత్తగా చేరే పిల్లలకి నేను మొదట చూపించేది మైక్రోస్కోపు కాదు, ఆ రిజిస్టరులో మనుషులవి మూడు వరసలు. మూడోది ఆవిడ రాసిందే. జాతి: మనిషి. నమూనా: మాయ. యజమాని అన్న గడిలో నా పేరు. వయసు: ఒక్క రోజు. ఫలితం: లేదు. మా అమ్మాయి ఏ కాగితంమీదా పడకముందే, పేరు పెట్టకముందే, గేదెల మధ్య పడింది. ఈ మధ్య ఒక సెలవురోజు నాతో ల్యాబుకి వచ్చి అది చూసింది. పదమూడేళ్లది, నోరు నాదే. "ఏంటమ్మా ఇది, నన్ను కూడా గేదెల్లో కలిపేశారా?" అంది.

"కలిపేం," అన్నాను. "అందరూ దాచుకునేదే రాసుకున్నాం ఇక్కడ."

అది నవ్వి పేజీ తిప్పేసింది. నేను గడియారం చూశాను. ఐదవుతోంది. చెయ్యి మెడ దగ్గరికి వెళ్లింది. చల్లగానే ఉంది. ఇవాళ్టికి చల్లగానే ఉంది.